ఏ ఊరమ్మ మీది?

ఆ మధ్య ఒక పని మీద ఆదిలాబాద్ వెళ్లి తిరిగి కరీంనగర్ వస్తున్నాను. నిర్మల్ వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్ బస్సు. కిటికీ పక్క సీటు దొరికింది. నా పక్కన ఒక పెద్దామె కూర్చుంది. ఒళ్లో గుడ్డమూట, కాళ్ల దగ్గర ఒక సంచి. కండక్టర్ అమ్మాయి వచ్చింది. నేను ఆధార్ కార్డు తీసి చూపించాను. మిషన్ కిర్రుమంది, జీరో టికెట్ నా చేతిలో పడింది. తర్వాత పెద్దామె వంతు. ఆమె కూడా కొంగు ముడి విప్పి కార్డు తీసింది. కండక్టర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి అడిగింది.

"ఏ ఊరమ్మ మీది?"

"కిన్వట్ దిక్కు. బిడ్డ ఇచ్చోడల ఉంటది, తోలుకపోవస్తి. నెలలు నిండినయ్."

"ఇది మహారాష్ట్ర కార్డు అవ్వా. దీనికి రాదు. టికెట్ తీసుకోవాలె."

పెద్దామె గొడవ చేయలేదు. "మా అమ్మ పుట్టినప్పుడు మా ఊరు గూడ ఆదిలాబాద్ జిల్లనేనంటగదా" అని మాత్రం అంది. కండక్టర్ నవ్వింది. "నా చేతుల ఏముందవ్వా, చెకింగోళ్లొస్తే నా నౌకరి మీదికొస్తది" అంది. పెద్దామె సంచిలోంచి చిన్న డబ్బీ తీసి, నోట్లు విప్పి లెక్కపెట్టి ఇచ్చింది. నేను ఇస్తానన్నాను. "నా దగ్గర ఉన్నయి చెల్లె" అంది. కాసేపయ్యాక నన్నడిగింది: "నువ్వు నౌకరి చేస్తవా?" కాలేజీలో పాఠం చెప్తానన్నాను. "జీతమొస్తదిగద. మరి నీకెందుకు ఊరికెనే?"

ఆ ప్రశ్నలో ఎత్తిపొడుపు లేదు. నిజంగా తెలుసుకుందామని అడిగింది. నేను ఏదో చెప్పబోయి ఆగిపోయాను. ఇచ్చోడలో ఆమె దిగిపోయింది. ఆమెకు చెప్పలేకపోయిన జవాబును వెతుక్కోవడమే ఈ వ్యాసం.

ముందు ఆమె అన్నమాట నిజమా కాదా చూద్దాం. నిజమే. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు హైదరాబాద్ రాజ్యాన్ని మూడు ముక్కలు చేశారు. అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని కిన్వట్, రాజురా తాలూకాలు, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిల్ బొంబాయి రాష్ట్రంలోకి పోయాయి. నాందేడ్ జిల్లాలో ఉన్న ముధోల్, భైంసా, కుబీర్ ఇటు వచ్చాయి. ఆ గీత గీసేటప్పుడు గోండు గూడేలనో, వియ్యపు బంధుత్వాలనో ఎవరూ అడగలేదు. అడవిలో, చేన్లలో పనిచేసే ఆడవాళ్లను అసలే అడగలేదు. అరవై ఏడేళ్ల తర్వాత, 2023 డిసెంబర్ 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్ర సరిహద్దు దాకా బాలికలు, స్త్రీలు, ట్రాన్స్‌జెండర్లు ఉచితంగా ప్రయాణించవచ్చు. షరతు ఒక్కటే, తెలంగాణ నివాసులై ఉండాలి. ఎప్పుడో గీసిన ఆ గీత మళ్లీ బస్సులోకి వచ్చి ఇద్దరాడవాళ్ల సీట్ల మధ్య కూర్చుంది.

ఈ పథకాన్ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. నా విద్యార్థినులు కాలేజీ మానకుండా వస్తున్నారంటే, వేములవాడకో కొండగట్టుకో పోవాలని ఎన్నేళ్లుగానో అనుకుంటున్న అత్తలు ఎవర్నీ డబ్బులడగకుండా వెళ్లి వస్తున్నారంటే దాని వెనక ఈ టికెట్ ఉంది. "ఆడవాళ్లు ఊరికే తిరగడానికి పనికొచ్చింది" అని వెక్కిరించేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ఊరికే తిరగడం మగవాళ్లకు ఎప్పుడూ ఉన్న హక్కే కదా. మన ఆడవాళ్లకు గడప దాటాలంటే ఒక కారణం కావాలి, ఒక తోడు కావాలి, చేతిలో డబ్బు కావాలి. ఈ మూడింటిలో ఒకటి తీరింది. అది చిన్న విషయం కాదు.

కానీ పెద్దామె ప్రశ్న అలాగే ఉంది. స్థానికురాలికి ఒక ధర, పరాయి మనిషికి ఇంకో ధర. ఇది ఎప్పుడు న్యాయం, ఎప్పుడు అన్యాయం?

ఈ పద్ధతి మనకు కొత్త కాదు. గోల్కొండకో చార్మినార్‌కో వెళ్తే గేటు దగ్గరే రెండు ధరల బోర్డు కనిపిస్తుంది. 2018లో సవరించిన రేట్ల ప్రకారం భారతీయులకు 25 రూపాయలు, విదేశీయులకు 300. సార్క్, బిమ్‌స్టెక్ దేశాల వాళ్లకు మన రేటే. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు పెట్టుకున్న మనవాళ్లకూ మన రేటే. భూటాన్‌లో మనం రాత్రికి 1,200 రూపాయలు కడితే, మిగతా చాలా దేశాల వాళ్లు 2023 నుంచి 100 డాలర్లు కడుతున్నారు. వెనిస్ నగరం 2024లో, రద్దీ రోజుల్లో పొద్దున వచ్చి సాయంత్రం పోయే యాత్రికుల దగ్గర 5 యూరోలు వసూలు చేయడం మొదలుపెట్టింది. అక్కడి వాళ్లకు మినహాయింపు.

దీన్ని సమర్థించేవాళ్లు సాధారణంగా మూడు కారణాలు చెప్తారు. స్థానికులు పన్నుల రూపంలో ముందే కట్టారు కాబట్టి అన్నది ఒకటి. బయటివాళ్ల దగ్గర డబ్బు ఎక్కువ ఉంటుంది కాబట్టి అన్నది రెండోది. ఇది మా ఊరు, మా వారసత్వం, దీని మీద మాకు ముందు హక్కు ఉంది అన్నది మూడోది. మూడూ తేలిగ్గా కొట్టిపారేసేవి కావు. మా గోల్కొండను మా కూలీ తల్లి చూడగలగాలంటే 25 రూపాయలే ఉండాలి. ఆ కోట గోడలను నిలబెట్టడానికి విమానంలో వచ్చిన మనిషి 300 ఇస్తే అందులో తప్పేముంది? అందరికీ ఒకే ధర అన్నది వినడానికి సమానత్వంలా ఉంటుంది. ఆకలితో ఉన్నవాడికీ కడుపు నిండినవాడికీ ఒకే వడ్డన సమానత్వం కాదని స్త్రీవాదం ఎప్పటినుంచో చెప్తూనే ఉంది.

అయితే ఆ మూడు కారణాలనూ గోల్కొండ గేటు దగ్గర నుంచి తీసుకొచ్చి ఇచ్చోడ బస్సులో పెట్టి చూడాలి.

పన్నుల సంగతి. పెద్దామె ఆదిలాబాద్ బజార్లో బిడ్డ కోసం కొన్న సబ్బు మీద జీఎస్టీ కట్టింది. వస్తువు ఎక్కడ వాడకంలోకి వస్తే ఆ రాష్ట్రానికే అందులో రాష్ట్ర వాటా చేరాలన్నది జీఎస్టీ సూత్రం. అంటే ఆ రోజు ఆమె తెలంగాణ ఖజానాకు ఎంతో కొంత ఇచ్చింది. పత్తి ఏరడానికి పెన్‌గంగ దాటి వచ్చే కూలీ ఆడవాళ్లు, పెద్దపల్లి వైపు ఇటుక బట్టీల్లో పనిచేసే ఒడిశా తల్లులు నెలల తరబడి ఇక్కడే ఉప్పూ నూనే కొంటారు, ఇక్కడి ఇళ్లకే ఇటుకలు చేస్తారు. వాళ్లు టికెట్ కొనాల్సిందే. నేను కట్టే పన్ను ఎక్కువే అనుకోండి. కానీ ఈ టికెట్ పన్ను లెక్క చూసి ఇచ్చేది కాదు కదా. అట్లా అయితే పన్ను కట్టే స్తోమత లేని తెలంగాణ ఆడమనిషికి రాకూడదు, ఆమెకే కదా ముందు రావాలి!

స్తోమత సంగతి. పెద్దామె నన్ను అడిగింది ఇదే. గోల్కొండలో న్యూయార్క్ బ్యాంకు ఉద్యోగికీ నైరోబీ బడిపంతులమ్మకూ ఒకే 300. పాస్‌పోర్టును చూసి జేబును ఊహిస్తున్నాం. బస్సులో ఈ ఊహ పూర్తిగా తలకిందులైంది. జీతమున్న నేను సున్నా, కొంగులో నోట్లు లెక్కపెట్టుకునే ఆమె పూర్తి చార్జీ. అట్లాగని జీతం సర్టిఫికెట్ చూసి టికెట్ ఇవ్వమని నేను అడగను. పేదరికాన్ని రుజువు చేసుకొమ్మంటే కాగితాలు లేని పేదలే ముందు రాలిపోతారని రేషన్ కార్డులూ పింఛన్లూ మనకు నేర్పాయి. పైగా లక్ష రూపాయల జీతం వచ్చే ఇంట్లో కూడా ఆడమనిషి చేతిలో బస్సు చార్జీ ఉండకపోవడం మనం ఎరగనిది కాదు. అందుకే అందరాడవాళ్లకూ ఇవ్వడం సరైనదే. నా ఇబ్బంది ఆ "అందరు" అన్న మాట ఎక్కడ ఆగిపోతున్నదన్న దగ్గరే.

ఇక మూడోది, మా ఊరు అన్న మాట. తెలంగాణలో పుట్టి పెరిగిన మనం ఈ మాటను తేలిగ్గా తీసుకోలేం. నీళ్లు, నిధులు, నియామకాలు అని రెండు తరాలు కొట్లాడింది స్థానికత కోసమే. నాన్ ముల్కీ గోబ్యాక్ దాకా వెళ్లిన 1952 నుంచి మనకు ఇది బతుకు సమస్య. బలవంతుడైన బయటివాడు వచ్చి బలహీనుడైన స్థానికుడి అన్నం తినకుండా అడ్డుకోవడం న్యాయమే. కానీ స్థానికతను ఎవరు ఎట్లా నిర్వచించారో ఆడవాళ్లుగా మనం ఒక్కసారైనా చూశామా?

నిజాం కాలంలో, 1919 ఫర్మానాతో వచ్చిన ముల్కీ నిబంధనలు ముల్కీ ఎవరో నాలుగు రకాలుగా చెప్పాయి. పుట్టుకతో హైదరాబాద్ రాజ్య ప్రజ అయిన మనిషి. నివాసం వల్ల ఆ హక్కు పొందిన మనిషి. పుట్టేనాటికి తండ్రి 15 ఏళ్ల సర్కారు నౌకరీ పూర్తిచేసి ఉన్న మనిషి. నాలుగో రకం, ముల్కీ అయిన వ్యక్తి భార్య. స్త్రీని స్త్రీగా తలుచుకున్నది ఆ నాలుగో చోటే. మగవాడు పుట్టి, ఉండి, తండ్రి నౌకరీ చేసి స్థానికుడవుతాడు. ఆడది పెళ్లి చేసుకుని స్థానికురాలవుతుంది!

అది పాతకాలం అనుకుంటే పొరపాటే. పెద్దామె బిడ్డనే చూడండి. ఆమె పుట్టింది కిన్వట్ వైపే. ఇచ్చోడ అబ్బాయిని చేసుకుంది కాబట్టి కార్డు మీద తెలంగాణ అడ్రసు వచ్చి ఉంటుంది. కాన్పుకు తల్లి ఆమెను తీసుకుపోయేటప్పుడు ఇద్దరూ ఒకే బస్సు ఎక్కుతారు. కూతురికి సరిహద్దు దాకా సున్నా. తల్లికి టికెట్. అదే కూతురు ఇటువైపు పుట్టి అటువైపు కోడలై ఉంటే, పుట్టింటికి వచ్చే ప్రతిసారీ పరాయి మనిషిగా చార్జీ కట్టుకుని రావాలి. ఆడపిల్ల అంటే "ఆడ" పిల్లే, ఈడ పిల్ల కాదు అని మనవాళ్లు అంటుంటారు. ఆ మాటకు ఇప్పుడు ఒక టికెట్ మిషన్ వచ్చింది.

దీనికి భిన్నమైన దారి మన దగ్గరే ఉంది. 1975 రాష్ట్రపతి ఉత్తర్వు స్థానికతను చదువుతో ముడిపెట్టింది. వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడి స్థానికురాలు. బడికి పోని మనిషికి నాలుగేళ్ల నివాసం. దాంట్లోనూ లోపాలున్నాయి, దాని మీద కోర్టుల్లో వాదనలు తెగవు. కానీ ఒక్క సంగతి గమనించండి. అది ఆడపిల్లను "నువ్వు ఎవరి భార్యవి" అని అడగదు, "నువ్వు ఎక్కడ చదువుకున్నావు" అని అడుగుతుంది. ఆమె గడిపిన కాలమే ఆమె ఊరు. పెళ్లి దాన్ని చెరిపేయదు.

సరిహద్దుల్లో బతికేవాళ్లకు ఈ అడ్రసు సంగతి ఎంత విచిత్రంగా ఉంటుందో కెరమెరి మండలంలో చూడాలి. పరందోళి, అంతాపూర్ పంచాయతీల్లోని 14 పల్లెలు మావంటే మావని తెలంగాణ, మహారాష్ట్ర దశాబ్దాలుగా తగువులాడుకుంటున్నాయి. ఆ ఊళ్లలో చాలామందికి రెండు ఓటు కార్డులు, రెండు రేషన్ కార్డులు. ఇటు కెరమెరి మండలం, అటు చంద్రపూర్ జిల్లా జివతి తాలూకా. మహారాష్ట్ర బస్సుల్లో 2023 మార్చి 17 నుంచి ఆడవాళ్లకు సగం టికెట్. అక్కడి ఆడమనిషి ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి ముందు కూర్చుని, ఏ కార్డు తీస్తే ఆ రాష్ట్రపు ఆడబిడ్డ అవుతుంది. మనిషి మారలేదు, ఊరు మారలేదు, ధర మారింది. అడ్రసు అన్నది మన గురించి ఏం చెప్తుందో, ఏం చెప్పదో ఇంతకంటే బాగా ఎవరు చూపించగలరు?

ఇంకో దృశ్యం. పుష్య అమావాస్యకు ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగోబా జాతర. మెస్రం వంశం ఇంటికి వచ్చిన కొత్త కోడళ్లను అక్కడ దేవుడికి పరిచయం చేస్తారు. దాన్ని భేటింగ్ అంటారు. అది జరిగాకే ఆ కోడలు వంశంలో మనిషిగా లెక్క. అదీ పెళ్లితో వచ్చే సభ్యత్వమే, దాన్ని నేను ఆకాశానికెత్తడం లేదు. కానీ ఆ వంశం కోడళ్లు ఇటు ఉట్నూర్ నుంచీ వస్తారు, అటు మహారాష్ట్ర నుంచీ వస్తారు. తెల్లచీరలో ఒకే వరుసలో నిలబడే ఇద్దరు కోడళ్లను ఆ దేవుడు ఏ రాష్ట్రమని అడగడు. అడిగేది వాళ్లను తెచ్చిన బస్సే.

"అయితే సరిహద్దు తీసేయమంటారా? పక్క రాష్ట్రాల ఆడవాళ్లందరి చార్జీ మన ప్రభుత్వం ఎట్లా భరిస్తుంది?" అని ఒక మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఒక్కో జీరో టికెట్‌కు ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు ఇవ్వాలి, అది ఆకాశం నుంచి రాదు. కానీ దీనికి జవాబు ఇప్పటికే ఉంది. తమిళనాడు 2021లో సాధారణ టౌన్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం పెట్టింది. ఎక్కిన మనిషి స్త్రీ అయితే చాలు, ఊరు అడగదు. ఢిల్లీ కూడా 2019 అక్టోబర్ 29న పింక్ టికెట్ మొదలుపెట్టినప్పుడు ఎవరినీ అడ్రసు అడగలేదు. పంజాబ్, కర్ణాటక, మనం, 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్ అడిగే దారిలో వెళ్లాం. 2025లో ఢిల్లీ కూడా దీన్ని ఢిల్లీ నివాసులకే పరిమితం చేసే సహేలీ కార్డును ప్రకటించింది. అంటే అడగకపోవడం అసాధ్యం కాదు. అడగాలని మనం ఎంచుకున్నాం.

అడగడానికీ ఒక ఖరీదు ఉంది. దాన్ని కట్టేది పరాయి ఆడవాళ్లు మాత్రమే కాదు. పక్క రాష్ట్రపు ఒక స్త్రీని ఆపడానికి మన స్త్రీలందరూ ప్రతి ప్రయాణంలో కార్డు తీసి నేను ఇక్కడిదాన్నే అని రుజువు చేసుకోవాలి. కార్డు మర్చిపోయిన ముసలమ్మ, ఇంటి నుంచి కట్టుబట్టలతో బయటపడ్డ కోడలు, కన్నవాళ్లు వెళ్లగొడితే పాత పేరూ పాత అడ్రసూ ఉన్న కార్డుతో తిరిగే ట్రాన్స్ స్త్రీ, వీళ్లు సరిహద్దుకు ఇవతల ఉన్నా పరాయివాళ్లే అవుతారు.

ఇక్కడ నా సంగతి చెప్పక తప్పదు. ఆ రోజు నేను చూపించిన ఆధార్ కార్డు మీద ఉన్నది నేను పదకొండేళ్ల కింద వదిలేసి వచ్చిన ఇంటి అడ్రసు. ఆ ఇంటి గడప తర్వాత ఎప్పుడూ తొక్కలేదు. మార్చుకుందామని రెండుసార్లు ప్రయత్నించాను. ఒంటరి ఆడమనిషి పేరు మీద కిరాయి కాగితం రాసివ్వడానికి ఒక ఇంటాయన ఒప్పుకోలేదు, "మీ నాయనను తీసుకురండి" అన్నాడు. ఇంకోచోట కాగితం వచ్చింది కానీ అప్పటికి నాకు ఓపిక పోయింది. అందుకని ఇప్పటికీ నేను తెలంగాణ ఆడబిడ్డనని ప్రభుత్వానికి సాక్ష్యం చెప్తున్నది నేను బతకలేక బయటికొచ్చిన ఆ ఇల్లే. నా చదువు కాదు, ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో చెప్తున్న పాఠాలు కాదు. పెద్దామెకు లేనిదీ నాకు ఉన్నదీ ఆ ఒక్క అబద్ధపు అడ్రసు. అందుకే ఆమె ప్రశ్నకు నోరు పెగల్లేదు.

ఇప్పుడు చెప్పగలనేమో. అక్కా, నాకు టికెట్ ఊరికే ఎందుకొచ్చిందంటే నేను తెలంగాణ దాన్ని కాబట్టి కాదు, ఆడదాన్ని కాబట్టి. తరతరాలుగా రోడ్డు మనది కాకుండా చేశారు కాబట్టి, దాన్ని తిరిగి ఇస్తున్నారు. ఆ బాకీ నీకూ ఉంది. నీ బాకీ కిన్వట్‌లో ఒక రకంగా, ఇచ్చోడలో ఇంకో రకంగా ఉండదు. రోడ్డు మీద ఆడదాన్ని చూసే చూపు పెన్‌గంగకు అటూ ఇటూ ఒకటే. కారణం ఆడతనమైనప్పుడు షరతు అడ్రసు కావడం ఎట్లా కుదురుతుంది?

రెండు ధరలన్నీ తప్పని నేను అనడం లేదు. గోల్కొండలో ఉండనివ్వండి. వినోదం కోసం దూరం నుంచి వచ్చిన మనిషి ఎక్కువ ఇస్తే కోట బాగుపడుతుంది. ఎక్కువ కట్టలేకపోతే ఆ మనిషి బతుకు ఆగదు. కానీ బిడ్డ కాన్పుకు పోయే తల్లి, పత్తి చేనుకు పోయే కూలీ బస్సు ఎక్కడం వినోదం కాదు. ధరలో తేడా పెట్టేముందు రెండు సంగతులు అడగాలనిపిస్తుంది. ఎక్కువ ధర ఎవరి మీద పడుతుంది? ఆ ధర కట్టలేకపోతే వాళ్లకు ఏమవుతుంది? ఈ రెండూ అడగకుండా ముందే "ఏ ఊరమ్మ మీది" అని అడిగితే, ఆ ప్రశ్న ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి "ఎవరి దానివి" అన్నట్టే వినపడుతుంది.

మన కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల నుంచి వేలమంది గల్ఫ్ పోయారు. 2017లో కువైట్ ప్రభుత్వాసుపత్రుల్లో విదేశీయులకు ఫీజులు పెంచినప్పుడు ఎవరి ఇంట్లో వాళ్లం ఇది అన్యాయమనుకున్నాం. వాళ్ల ఊరు కట్టింది మా వాళ్ల చెమటే కదా అన్నాం. ఆ మాట మనం అనగలిగితే, మన పత్తి ఏరిన చేతులూ మన ఇటుకలు మోసిన తలలూ మనల్ని అదే అంటాయి.

మొన్న మళ్లీ ఆదిలాబాద్ వెళ్లాను. కండక్టర్ దగ్గరికి రాగానే చెయ్యి అలవాటుగా సంచిలోకి పోయింది. కార్డు తీశాను, చూపించాను, టికెట్ తీసుకున్నాను. వద్దని డబ్బులిస్తే ఎవరికీ ఒరిగేది లేదు, అది నా మనసును నేను ఊరడించుకోవడమే అవుతుంది. కానీ బస్సులో ఇంకెవరి కార్డు చెల్లదో అని ఆ రోజు నుంచి చుట్టూ చూస్తూనే ఉన్నాను. గుడిహత్నూర్‌లో చంకలో పిల్లతో ఒకామె ఎక్కింది. కండక్టర్ ఆమె దగ్గరికి వెళ్తుంటే నా గుండె కొంచెం వేగంగా కొట్టుకుంది.